గాజుకు ఊపిరి లేని పటం

చరిత్రను రాజుల పేరునో యుద్ధాల పేరునో విడగొట్టుకోవడం పెద్ద ఊళ్ళ అలవాటు. సీలేరు వెళ్ళే దారిలో, కొండల నడుమ ఉన్న ఆ చిన్న కరెంటు కాలనీకి అంత సదుపాయం లేదు. అక్కడి చరిత్రంతా వరహాలరావు చిత్రిక చప్పుడు మీద నడుస్తుంది. కాలనీ వడ్రంగి అయిన వరహాలరావు కోపం వస్తే అరవడు, తిట్టడు, గిన్నెలు విసరడు. చేతికందిన చెక్కను బల్లకు బిగించి, పొరలు రాలేలా చిత్రిక పడతాడు. కోపం దిగేదాకా పడతాడు. ఈ అలవాటు ఎప్పుడు పుట్టిందో చెప్పే శాసనాలేవీ దొరకలేదు గానీ ఆనవాళ్ళు మాత్రం ఇంటింటా ఉన్నాయి. రేషన్ డిపోలో బల్లకు మూడు కాళ్ళు లావు, ఒకటి సన్నం. ఆ సన్నకాలు చెక్కిన రోజున డిపోలో పంచదార లేదన్నారు. వాళ్ళింట్లోని అప్పడాల కర్రయితే పెళ్ళయిన కొత్తలో ముంజేయంత ఉండేదట. కాపురం సాగినకొద్దీ బొటనవేలంత అయింది.

ఈ చరిత్రలో అన్నిటికంటే సుదీర్ఘమైనది పనస యుగం.

వరహాలరావు తండ్రి నర్సీపట్నం వైపు నుంచి పని వెతుక్కుంటూ కొండెక్కినప్పుడు, పాక వేసుకుని దాని పక్కన ఒక పనసపిక్క పాతాడు. అది చెట్టయింది. దాని నీడన తండ్రి పనిచేశాడు, తర్వాత కొడుకు పనిచేశాడు. కాయల కాలంలో కాలనీ అంతా వాసన. సెక్షన్ ఇంజినీరుగా సాయినాథ్ వచ్చిన ఏడు, మంచి వానల్లో, కొమ్మలు వైర్లకు తగులుతున్నాయని ఫిర్యాదు వచ్చింది. కొమ్మలు తగిలితే కొమ్మలు కొట్టిస్తారు ఎవరైనా. సాయినాథ్ సమస్యను మూలం నుంచి పరిష్కరించే మనిషి. మొదలుకంటా కొట్టించాడు.

"పోనీ, దుంగయినా ఇప్పించండి సార్, కోయించి నీడన ఆరబెడతాను. వానలో వదిలేత్తే పాడైపోద్ది" అని వరహాలరావు ఆఫీసు వరండాలో నిలబడి అడిగాడు.

"డిపార్టుమెంటు ఆస్తయ్యా అది. నేనిచ్చెయ్యడమేమిటి? పైకి ఫైలు పంపాను. జవాబు రానీ" అన్నాడు సాయినాథ్, చాలా మర్యాదగా. ఆయనతో వచ్చిన చిక్కే అది. ఏదైనా మర్యాదగానే చేస్తాడు.

జవాబు రాలేదు. వానలు మాత్రం వచ్చాయి, వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి. దుంగ పాక ఎదురుగానే పడి నానింది. దాని మీద పుట్టగొడుగులు మొలిచాయి. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ దాన్ని చూడటం, ఆపైన చిత్రిక పట్టడం వరహాలరావు దినచర్య. ఆ రోజుల్లో అతని దగ్గర చేయించుకున్న కుర్చీల మీద లావుపాటివాళ్ళు కూర్చోవడానికి జంకేవారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం స్టాఫ్ సంఘం కార్యదర్శి తాతారావు పాకలోకి వచ్చాడు. వెనకాల ఇద్దరు మనుషులు ఒక పచ్చటి పలకను మోసుకొచ్చి దించారు. పనస. ఇంకా తడి.

"ఒరే వరహాలూ, సాయినాథ్ గారికి విజయనగరం ట్రాన్స్‌ఫర్రా. మనందరి గ్రూపు ఫోటో పెట్టి పటం కట్టి సెండాఫ్‌లో ఇద్దాం. ఈ చెట్టుదే అయితే గుర్తుగా ఉంటాదని మా అందరి ఆలోచన."

వరహాలరావు పలకను చూశాడు. తర్వాత తాతారావును చూశాడు.

"ఫైలుకి జవాబొచ్చిందేటి?"

"సెండాఫ్‌కి ఫైలేటిరా? ఓ ముక్క కోయించేం. ఎవులడుగుతారు?"

తాతారావు ఇంకా గుమ్మం దాటకముందే వరహాలరావు చిత్రిక అందుకున్నాడు.

ఇక్కడ ఆ కొండల పనివాళ్ళ సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ మంచుకూ వానకూ చెక్క ఎప్పుడూ చెమ్మ తాగే ఉంటుంది. అదే చెక్క కొండ దిగి మైదానపు ఎండలో పడితే కుంచించుకుపోతుంది. అందుకని పటం కట్టేటప్పుడు బాగా ఆరిన చెక్క తీసుకుని, గాజు చుట్టూ బియ్యపు గింజంత సందు వదులుతారు. దాన్ని 'గాజుకు ఊపిరి' అంటాడు వరహాలరావు. సందు లేకపోతే కుంచించుకునే చెక్క నాలుగు వైపుల నుంచీ గాజును నొక్కుతుంది. ఒకనాడు గాజు టప్పున పగులుతుంది. వరహాలరావు కట్టిన పటాలు అనకాపల్లిలో ఉన్నాయి, విశాఖపట్నంలో ఉన్నాయి. ఒక్కటీ పగల్లేదు. ప్రతిదాని వెనకా ఉలితో చెక్కిన చిన్న పనసాకు ఉంటుంది. తండ్రి పెట్టిన గుర్తు అది.

ఇప్పుడతను ఆరని చెక్క తీసుకున్నాడు. మూలలు వెంట్రుక దూరనంత బిగువుగా అతికించాడు. గాజుకు ఊపిరి వదల్లేదు. విజయనగరంలో మే నెల, మధ్యాహ్నం, సాయినాథ్ భోంచేసి పడుకునే వేళ. టప్! సరిగ్గా ఫోటో మధ్యలో కుర్చీలో కూర్చున్న ముఖం మీదుగా చీలిక. ఆ దృశ్యాన్ని అతను ఎంత శ్రద్ధగా ఊహించాడంటే, చట్రం అంచుకు పడుతున్న చిత్రిక ఆపడం మరిచిపోయాడు.

"ఇంకా పట్టేవంటే ఇంజినీరుగారికి అగ్గిపుల్లలు ఇయ్యాలి మావా" అంది భార్య రత్నాలు, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ. చట్రాన్ని ఎత్తి ముందు చూసింది, వెనక్కి తిప్పి చూసింది. "ఆకేదీ?"

"ఎయ్యలేదు."

"ఏటి, మరిసిపోనావా?"

"మరిసిపోలేదు."

రత్నాలుకు వడ్రంగం రాదు గానీ మొగుడు వచ్చు. గాజు అంచున గోరు పెట్టి చూసింది. గోరు దిగలేదు.

"ఓలమ్మో! ఊపిరాడకుండా కట్టేసినావేటి? అయ్య బతికుంటే ఆ సిత్రికతోనే నీ ఈపు పట్టేసును."

"అయ్య ఏసిన సెట్టే గదేటే! నరికినోడికి నాను ఊపిరొదిలి కట్టాలా? పేరుంటే గదా తప్పు. నా పేరు నేదు దాని మీద."

"నీ పేరు ఆకులో ఉందేటి, సేతిలో ఉంది గానీ" అని టీ చల్లారకముందే తాగమని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం అప్పడాల కర్ర మరికొంత సన్నబడింది.

సెండాఫ్ క్లబ్బు హాల్లో జరిగింది. శాలువా, కారపుబూంది, మైకు. తాతారావు పటాన్ని రంగు కాగితంలోంచి విప్పి పైకెత్తాడు. చప్పట్లు. ఇంతవరకూ అంతా అనుకున్నట్టే జరిగింది. అప్పుడు సాయినాథ్ మైకు అందుకున్నాడు.

"ఈ కాలనీలో నాకు నచ్చిన పనివాడు ఒక్కడే, వరహాలరావు. ఆ చెట్టు విషయంలో అతనికి నా మీద కోపం ఉందని నాకు తెలుసు. అయినా పనిలో కోపం చూపించలేదు. ఎంత బిగువుగా చేశాడో చూడండి. ఈ పటాన్ని మా ఇంటికి వచ్చే ప్రతి ఒక్కరికీ అతని పేరు చెప్పి చూపిస్తాను."

"మా వరహాలు పనంటే గ్యారంటీ సార్!" అని తాతారావు పక్కనుంచి అరిచాడు.

వెనక వరసలో ఉన్న వరహాలరావుకు ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళుగా తిట్టుకుంటున్న మనిషి, చివరి రోజున, మర్యాదగా, మైకులో, అతని పేరు తీసుకెళ్ళి ఆ గాజు మీద పెట్టాడు. ఇక అది పగిలితే పగిలేది సాయినాథ్ ముఖం ఒక్కటే కాదు. హాల్లో చిత్రిక లేదు. ఉంటే క్లబ్బు బెంచీ ఒకటి తగ్గేది.

మర్నాడు పొద్దున్నే సాయినాథ్ క్వార్టరుకు పరుగెత్తాడు. సామాను వ్యాను అప్పటికే నిండింది. పటం దుప్పట్ల మధ్య భద్రంగా ఉంది.

"సార్, పటం ఓపాలి ఇయ్యండి. బేగి సేసి తెచ్చిత్తాను. గాజు బిగిసిపోనాది."

"బిగువుంటే మంచిదేగదయ్యా."

"మంచిది కాదు సార్. సందొదల్లేదు. ఎండకి పగిలిపోద్ది."

"నీ చేతిపని పగలడమేమిటి? నిన్న అందరి ముందూ చెప్పాను కూడా" అని నవ్వి, భుజం తట్టి, సాయినాథ్ ముందు సీట్లోకి ఎక్కాడు. కావాలనే చేశానన్న మాట వరహాలరావు నోటిదాకా వచ్చింది. వ్యాను కదిలింది.

పాకలోకి వచ్చి, మిగిలిన పనస ముక్కను బల్లకు బిగించి చిత్రిక మొదలెట్టాడు. ఈసారి కోపం ఎవరి మీదో తెలియక రత్నాలు గుమ్మంలోనే నిలబడిపోయింది. మేలోగా విజయనగరం వెళ్ళి, కాళ్ళు పట్టుకునైనా ఆ పటం విప్పించాలని వరహాలరావు నిశ్చయించుకున్నాడు. మే నెల ఎండలు కళ్ళ ముందు కాస్తున్నాయి. ముక్క పలచబడి అవతలి వెలుగు కనిపించే దశకు వచ్చేసరికి, గేటు కాపలా సుక్రు ఖైనీ నలుపుకుంటూ వచ్చాడు.

"ఏటి మేస్త్రీ, ఇంజినీరు ఎల్లిపోనా కోపం ఎల్లలేదేటి?"

"విజయనగరం ఎండలెలాగుంటాయిరా సుక్రూ?"

"నాకేటి ఎరిక? అయినా ఆ బాబు ఇజీనారం ఎక్కడెల్నాడు? రాత్రే ఆర్డరు మారిపోనాదంట. బండి ఇటు సీలేరు ఏపు తిరిగినాది."

సాయినాథ్‌ను వేసింది ఈ కొండల్లోనే ఉన్న డొంకరాయికి. ఆయనకిచ్చిన క్వార్టరు ఆనకట్ట పక్కనే. దాని గోడలు మే నెలలో కూడా చెమ్మగానే ఉంటాయి.