కాళ్లు పడిపోయిన బూడిదరంగు పిల్లి

పిల్లుల డాక్టరమ్మ అనే పేరు ఆవిడకు వీధివాళ్లు పెట్టింది. చదువుకునే రోజుల్లో గేదెలకు వైద్యం చేయాలనుకుంది. ఉద్యోగం మాత్రం మేడమెట్ల కింద, కుక్కలూ పిల్లులూ వచ్చే రెండు గదుల ఆసుపత్రిలో దొరికింది. బుజ్జీ, కన్నా అంటూ గారాబం చేసే మనిషి కాదు. పట్టి చూస్తుంది, ఉన్నమాట చెబుతుంది, అంతే.

ఒక ఉదయం ఓ ఎలక్ట్రీషియన్ బుట్టలో పిల్లిని తెచ్చాడు. వెనకాలే అతని బావమరిది తల వంచుకుని వచ్చాడు. బల్ల మీద దించితే పిల్లి ముందుకాళ్లతో పాకింది. వెనక కాళ్లు రెండూ గుడ్డపేలికల్లా ఈడ్చుకొచ్చాయి.

"వీడేనండీ! నిద్రమత్తులో దాని నడుం తొక్కేశాడు. రాత్రిదాకా బాగానే ఉంది."

"ఒట్టు బావా, నేను మంచం దిగనే లేదు."

"నువ్వు ఎప్పుడు దిగావు గనక!"

డాక్టరమ్మ ఆ గొడవలో తలదూర్చలేదు. పిల్లి వెనక పాదాలు పట్టి చూసింది. వెచ్చగా ఉన్నాయి. తొడ లోపల నాడి ఆడుతోంది. అంటే కాళ్లకు రక్తం ఆగలేదు. కాలివేలు గట్టిగా నొక్కితే పిల్లి వెనక్కి తిరిగి బుస్సుమంది. ఆవిడకు కాస్త ఊపిరాడింది. నొప్పి తెలుస్తోందంటే ఆశ ఉన్నట్టే. తోక నుంచి పైకి చర్మం గిల్లుతూ వెళ్లింది. నడుము దాటేదాకా ఉలుకూ పలుకూ లేదు, ఆపైన చర్మం జలదరించింది. గట్టి నొప్పి తెలిసినా చిన్న గిల్లుళ్లు అందడం లేదంటే, అక్కడే వెన్నులో ఏదో అడ్డుపడుతోంది. ఎక్స్‌రేలో ఎముకలన్నీ బాగానే ఉన్నాయి.

"ఎత్తులెక్కడం మానేసిందా?"

బావమరిది తలెత్తాడు. "అవునండీ. ఇదివరకు బీరువా మీదే పడుకునేది. ఈమధ్య నా మంచం మీదకి కూడా పాకుతూ ఎక్కుతోంది. బద్ధకం అనుకున్నాం."

"వెన్నులో గడ్డ ఉందని అనుమానం. పెద్దాసుపత్రిలో స్కాన్ తీయించండి."

"గడ్డయితే కాళ్లు రాత్రికి రాత్రే పడిపోతాయా?" అన్నాడు బావ.

"అది మెల్లగానే పెరుగుతుంది. నరాలు ఓర్చుకున్నన్నాళ్లు పిల్లి నడుస్తుంది. ఓర్చుకోలేని రోజున కూలబడుతుంది. తొక్కితే వచ్చింది కాదిది."

స్కాన్‌లో శనగగింజంత గడ్డ వెన్నుపామును నొక్కుతూ కనిపించింది. కోసి తీశారు. ప్రాణాంతకమైన రకం కాదని తేలింది.

కొన్ని వారాలకు పిల్లిని బావమరిది ఒక్కడే తెచ్చాడు. రోజూ దాని కాళ్లు మడిచి చాపిస్తున్నది అతనేనట. నేల మీద వదిలితే తూలుతూనే గోడదాకా నడిచింది.

"మీ బావ రాలేదే?"

"బయట బండి దగ్గరున్నాడండీ. మీకు మొహం చూపించలేనంటున్నాడు."

"నాకెందుకు, నీకు చూపిస్తే చాలు," అంది డాక్టరమ్మ. గడ్డ మళ్లీ రావచ్చనీ కనిపెట్టి ఉండమనీ చెప్పి, చేతులు కడుక్కోవడానికి లేచింది.