వెళ్ళి రండి, మేయర్ గారూ

శుక్రవారం పొద్దున, మేముండే లోవర్ హట్ నుంచి ఈ పరాయి దేశపు రాజధానికి వెళ్ళే రైల్లో ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ లేరమ్మా. నిద్రలోనే పోయారు," అన్నారు. తర్వాత, "మేయర్ గారికి నువ్వే చెప్పు. లేకపోతే చెప్పకుండా సెలవు పెట్టారనుకుంటారు," అన్నారు. అంకుల్ ఉంటే ఆయనా అదే మాట అనేవారు.

ఆయన నాకు చుట్టం కాదు, మా వీధి మనిషి. కాకినాడలో ఇంజనీరుగా చేసి ఇక్కడికొచ్చి, చివరికి రాజధాని మేయర్ ఆఫీసు ముందు బల్ల దగ్గర సెటిల్ అయ్యారు. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, వచ్చిన ఉత్తరాలు విప్పడం ఆయన పని. ఆ ఉద్యోగం గురించి ఒక్కసారి కూడా చిన్నతనంగా మాట్లాడలేదు. టై మాత్రం రోజూ ఇస్త్రీ చేసుకునేవారు. చదువు అయిపోయి, ఫ్లాట్‌లో నలుగురితో సర్దుకుంటూ పని కోసం తిరుగుతున్న నన్ను తన పక్క కుర్చీలోకి తెచ్చిందీ ఆయనే.

ఇక్కడ మేయర్‌ని అందరూ పేరు పెట్టి పిలుస్తారు. అంకుల్‌కి నోరు రాలేదు. "మేయర్ గారూ" అనేవారు. 'గారు' తన ఇంటిపేరని అంకుల్ అనుకుంటున్నారేమోనని ఒక మేయర్ నవ్వారు కూడా. ఇంకో విషయం కూడా ఆయనకి మింగుడు పడేది కాదు. "మన దగ్గర మునిసిపల్ చైర్మన్ వెనకాలే నాలుగు కార్లుంటాయి. దేశానికి రాజధాని, ఇక్కడేంటమ్మాయ్, మేయర్ బస్సెక్కి ఇంటికెళ్తారు!"

సాయంత్రం మేయర్ బయల్దేరుతుంటే ఆయన లేచి నుంచుని, "గో అండ్ కమ్" అనేవారు. మన ఇళ్ళలో గడప దాటేవాళ్ళకి చెప్పే 'వెళ్ళి రండి' అది. ఇంగ్లీషులో పెట్టేసరికి మొదట్లో ఎవరికీ అర్థం కాలేదు. "ఎక్కడికి వెళ్ళి రావాలి?" అని అడిగేవారట. పోను పోను ప్రతి మేయరూ నేర్చుకున్నారు, "ఐ విల్ గో అండ్ కమ్" అని జవాబివ్వడం. ఎన్నికల్లో ఓడి, అట్టపెట్టెతో గది ఖాళీ చేసి పోతున్న ఒక మేయర్‌కి కూడా అలవాటుగా అదే చెప్పేశారు అంకుల్. ఆ మనిషి పెట్టె కింద పెట్టి, అంకుల్ చెయ్యి పట్టుకుని, మళ్ళీ పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయాడు. "నాలిక కరుచుకున్నాను తల్లీ," అని నాతో ఎన్నిసార్లు చెప్పుకున్నారో.

ఇప్పటి మేయర్ ఒకావిడ. ఆమె వచ్చాక ఉత్తరాలు మారాయి. పైపులు కారుతున్నాయనీ, కుక్కలు మొరుగుతున్నాయనీ వచ్చే ఉత్తరాల మధ్య, పంపినవాళ్ళ పేరు లేని కవర్లు రావడం మొదలైంది. అన్నీ ఒకే చేతిరాత. మొదట్లో మేయర్‌ని చూసిన సంగతుల మధ్య తిట్లు ఉండేవి. అవి చదివి నేను కాగితం పక్కకి తోసేస్తే అంకుల్ అన్నారు, "తిట్లు చదవకు. వాడు ఎక్కడ నుంచుని చూశాడో అది చదువు."

తర్వాత తిట్లు పోయాయి. చూసినవి మాత్రమే మిగిలాయి. ఆమె ఆకుపచ్చ కోటు వేసుకుందనీ, బస్సులో ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుందనీ రాసేవాడు. నాకు తిట్లే నయమనిపించింది. ప్రతి ఉత్తరాన్నీ అంకుల్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి పోలీసులకి ఇచ్చేవారు. కారులో వెళ్ళమంటే మేయర్ వినలేదు. "నా ఊళ్ళో నేనే దాక్కుంటే ఎలా?" అన్నారు.

ఆ రోజు నుంచి అంకుల్ ఆమెతో బస్టాపు దాకా నడిచేవారు. "నాదీ అదే దారి," అని చెప్పేవారు. నిజానికి మా రైల్వే స్టేషను పూర్తిగా వేరే వైపు. గాలికి టై భుజం మీదికి ఎగురుతుంటే, ఆమె బస్సెక్కే ముందు దగ్గరికి వంగి ఆ 'గో అండ్ కమ్' మెల్లగా చెప్పి, మళ్ళీ అంత దూరం వెనక్కి నడిచొచ్చేవారు. ఆ చివరి గురువారం సాయంత్రం రైలు దిగాక, విడిపోయే ముందు నాకూ ఏదో చెప్పారు. చెవుల్లో పాటలు పెట్టుకుని తలూపాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం.

బుధవారం అంత్యక్రియలకి మేయర్ వచ్చారు, ఆకుపచ్చ కోటులో. ఆంటీ చేతులు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

మర్నాడు అంకుల్ కుర్చీలో కూర్చుని మొదటిసారి ఉత్తరాలు నేనే విప్పాను. ఆ చేతిరాత మూడో కవర్లో ఉంది. రెండే వాక్యాలు. పెద్దాయన రావడం లేదుగా. ఇక 'గో అండ్ కమ్' ఎవరు చెప్తారు?

అంకుల్ చెప్పినట్టే చదివాను. ఆ మాట బస్టాపులో ఆయన ఎప్పుడూ గట్టిగా అనలేదు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర నుంచున్నవాడికే వినపడుతుంది.

కాగితం పోలీసులకి పంపి, మేయర్‌కి చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది కానీ సాయంత్రం కోటు వేసుకున్నారు. నేనూ బ్యాగు తీసుకున్నాను. "నాదీ అదే దారి," అన్నాను.

బస్టాపులో ఏడెనిమిది మంది వరసగా ఉన్నారు. బస్సు వచ్చింది. ఫోన్ మాట్లాడుతూనే ఆమె మెట్టెక్కారు. మెల్లగా చెప్పాను, వినపడలేదు. భయం వేసింది. ఈసారి అందరికీ వినపడేలా అరిచాను, "గో అండ్ కమ్, మేయర్ గారూ!"

వరసలో వాళ్ళంతా తిరిగి నన్ను చూశారు. చివర నుంచున్న ఒకతను మాత్రం తిరగలేదు. బస్సు ఎడమవైపు ఖాళీ కిటికీకేసి చూస్తున్నాడు.