గుర్రానికి పోసిన ఆముదం

ఆ రోజు వాకాడు బస్సులో నేను ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు.

ముసురు పట్టిన రోజులు. పక్క సీటు మనిషి ఫోను చెవికి ఆనించుకుని చెమటలు తుడుచుకుంటున్నాడు. పెళ్లి ఊరేగింపులకు తిప్పే అతని గుర్రం బూజు పట్టిన తడి గడ్డి తిని, కడుపునొప్పితో పొర్లుతోందట. ఇంట్లో భార్య ఒక్కతే ఉంది.

"ఎద్దుకు పోసినట్టే గొట్టంతో ఆముదం పొయ్యమని చెప్పన్నా, దెబ్బకు లేస్తుంది," అన్నాడు ముందు సీటు రైతు.

అతను ఆ మాటే భార్యకు చెప్పి, "తగ్గుతుంది కదన్నా?" అని నన్ను అడిగాడు.

నేనూ ఒకప్పుడు గుర్రాన్ని పెంచినవాణ్ణే. అలా పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని, డాక్టరు వచ్చేదాకా నోట్లో ఏమీ పోయకూడదని నాకు తెలుసు. కానీ వద్దన్నాక గుర్రం చస్తే నన్నే అంటారని భయపడ్డాను.

"తగ్గుతుందిలే," అన్నాను.

కాసేపటికి ఫోనులో ఆమె గొంతు నాకూ వినిపించింది. "దగ్గుతా ఉందయ్యా, ఇంకా పొయ్యాలా?"

నేను కిటికీ వైపు తిరిగాను.

కొన్నాళ్లకు అతను మళ్లీ అదే బస్సులో కనిపించాడు. "నొప్పి తగ్గింది గానీ, దగ్గీ దగ్గీ చచ్చిపోయిందన్నా. నా చేత్తోనే చంపినానని మా ఇంటామె ఇప్పటికీ సరిగా అన్నం తినడంలేదు."

నేను దిగాల్సిన ఊళ్లో దిగలేదు. అతనితో వాళ్లింటికి వెళ్లాను.

"అమ్మా, ఆముదం పొయ్యకూడదని ఆ రోజు నాకు తెలుసు. మీ ఆయన అడిగినా చెప్పలేదు. తప్పు నీది కాదు, నాది. నన్ను క్షమించమ్మా," అన్నాను.