రెండో క్యాసెట్

ఆ సినిమా పేరు చెప్పను. చెబితే మీరు వెంటనే ఫోన్ తీసి వెతుకుతారు. చూశాక, "ఇందులో ఏముందండీ?" అని నన్నే అడుగుతారు. అందులో ఏమీ లేదన్న సంగతి మాకూ ఈమధ్యే తెలిసింది. అంతవరకు మా ఇంట్లో దాన్ని మించిన సినిమా లేదు. ఎవరు ఏ కొత్త సినిమాను మెచ్చుకున్నా మా నాన్న పెదవి విరిచేసేవాడు.

మొన్న నాన్నకు రెండో కంటికి కూడా శుక్లం తీశారు. అమ్మా నాన్నా గోపాలపట్నంలో మా ఇంటి కింద వాటాలోనే ఉంటారు. కట్టు విప్పించి ఇంటికి తీసుకొచ్చాక నాన్న ముందుగా అమ్మ మొహంలోకి చూశాడు.

"ఓలమ్మా, ఇంత ముసిల్దానివి ఎప్పుడైపోయావే?"

అమ్మ ఊరుకునే మనిషి కాదు. "అద్దం తెచ్చిమ్మంటావేటి?" అంది.

ఆ గొడవ సద్దుమణిగాక నాన్న నన్ను పిలిచాడు. "అమ్మా, కళ్ళిప్పుడు బాగా ఆనతన్నాయి. ఆ సినిమా ఓపాలి ఎట్టవా? పెట్టె మోసే సీను సూడాల."

ఏ సినిమా అని నేను అడగలేదు. ఆ సీను మా బంధువులందరికీ తెలుసు. హీరోయిన్ తండ్రి కూతురి రేకు పెట్టెను నెత్తిన పెట్టుకుని బస్సు దాకా మోస్తాడు. చదువుకుని రమ్మని బస్సెక్కిస్తాడు. మా చుట్టాల్లో ఎవరైనా ఆడపిల్లను పై చదువుకు పంపడానికి నసుగుతున్నారని తెలిస్తే చాలు, నాన్న వెళ్ళి వాళ్ళ అరుగు మీద కూర్చునేవాడు. కాసేపు పంటల గురించి మాట్లాడి, తర్వాత లేచి తువ్వాలు తలకు చుట్టుకుని, లేని పెట్టెను నెత్తికెత్తుకుని వాకిట్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి చూపించేవాడు. పెట్టె బరువుకు మెడ కూడా వంగేది. ఆనందపురం వైపు మా వాళ్ళ ఊళ్ళల్లో కొందరు ఆడపిల్లలు ఆ లేని పెట్టె పుణ్యాన డిగ్రీలు చేశారు. మొదటి పెట్టె మాత్రం నాది.

అప్పట్లో నాన్న పోర్టులో వించ్ నడిపేవాడు. ఓడల్లోంచి టన్నుల సరుకు ఎత్తి దింపే మనిషికి కూతురు ఇల్లు కదలడం మాత్రం మింగుడు పడలేదు. ఇంటర్ అయ్యాక నాకు కాకినాడ పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. "ఆడగుంట పరాయి ఊళ్ళో ఉండడమేటి?" అన్నాడు నాన్న. అంతే. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం. నేను అన్నం మానేశాను. అంటే, నాన్న ఇంట్లో ఉన్నప్పుడు మానేశాను. ఆయన డ్యూటీకి వెళ్ళగానే అమ్మ వంటింట్లో కూర్చోబెట్టి ముద్దలు కలిపి పెట్టేది. దీక్షలో నేను కాస్త ఒళ్ళు చేశానని ఇప్పటికీ వెక్కిరిస్తుంది. మంగళవారంతో చేరే గడువు అయిపోతుంది. ఆ ముందు ఆదివారం మా వీధిలో వీడియో వేశారు.

వీడియో వెయ్యడమంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. టీవీ, ప్లేయరు, క్యాసెట్లు అన్నీ అద్దెకే. టీవీ రిక్షాలో కూర్చుని వచ్చేది, మనుషులు పక్కన నడిచేవారు. ప్లేయరును మాత్రం షాపాయన స్వయంగా ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవాడు, పసిపిల్లకు గాలి తగలకుండా తెచ్చినట్టు. ఎవరింట్లో వరండా పెద్దదైతే వాళ్ళింట్లో వేసేవారు. ఆ ఏడు పెద్ద వరండా మాది.

మా షాపాయన దగ్గర ఒక్కో సినిమా రెండు క్యాసెట్లలో ఉండేది. ఇంటర్వెల్ దాకా ఒకటి, తర్వాతది ఇంకొకటి. పైన కాగితం అంటించి సినిమా పేరు రాయొచ్చు కదా? రాయడు. హీరో పేరు రాసి పక్కన ఒకటి, రెండు అని వేసేవాడు. అడిగితే, "జనం హీరోని సూత్తారు గానీ పేరు సూత్తారేటండీ?" అనేవాడు. ఆ హీరోవి షాపులో ఒక అర నిండా ఉన్నాయన్న ఆలోచన ఆయనకు రాలేదు, మాకూ రాలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలెట్టారు. వీధంతా చాపలు తెచ్చుకుంది. జాలరిపేట నుంచి బస్సులో వచ్చి మా వీధిలో చేపలమ్మే ఆవిడ కూడా గంప గుమ్మం బయట పెట్టి, గంపకు కాపలాగా గుమ్మంలోనే కూర్చుంది. ఇప్పటికీ ఆ సినిమా తలుచుకుంటే నాకు ముందు కానాగంత చేపల వాసనే వస్తుంది.

మొదటి సగం నన్ను ఏడిపించడానికే తీసినట్టుంది. హీరోయిన్‌కు చదువంటే ప్రాణం. కాలేజీ నుంచి ఉత్తరం వస్తే తండ్రి దాన్ని చింపి పొయ్యిలో వేస్తాడు. కూతుర్ని గదిలో పెట్టి గడియ వేస్తాడు. అక్కడ ఇంటర్వెల్. వీధంతా నా వైపు చూసింది. నాన్న మాత్రం, "తండ్రన్నాక ఆ మాత్రం ఉండాల" అని బీడీ కాల్చుకోవడానికి బయటికి వెళ్ళాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

రెండో క్యాసెట్ వెయ్యగానే హీరో మెడలో స్టెతస్కోపుతో వచ్చాడు. మొదటి సగంలో లారీ నడిపినవాడు. వరండాలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"సదువుకున్నాడు" అని తేల్చాడు నాన్న.

"ఇంటర్వెల్‌లోనా?" అన్నాను, దీక్షలో నాన్నతో మాట్లాడడం లేదని మరిచిపోయి.

"సినిమాల్లో టయిం తొందరగా అయిపోద్ది. నువ్వూరుకో."

హీరోయిన్‌ను అందరూ వేరే పేరుతో పిలుస్తున్నారు. "ఇంట్లో ఓ పేరు, బయట ఓ పేరు ఉండదేటి?" అంది అమ్మ. ఇంటర్వెల్‌కు ముందు చితి మీద చూసిన హీరో తల్లి, వంటింట్లోంచి పళ్ళెంలో అన్నం పెట్టుకుని వచ్చింది. ఈసారి చేపలావిడే ఆదుకుంది. "సెల్లెలయ్యుంటాది. అప్ప పోతే ఆ గుంటడ్ని సెల్లెలు సూసుకోదేటి?" ఆ చెల్లెలి మంచితనానికి ఒకరిద్దరు కళ్ళు కూడా తుడుచుకున్నారు. ఆ తర్వాత విలన్ గుడిలో అన్నదానం చేస్తూ కనిపించినా ఎవరూ ఏమీ అడగలేదు.

మీరు నవ్వుతారు గానీ, మా తప్పు లేదు. అదే హీరో, అదే హీరోయిన్, అదే తండ్రి, అదే తల్లి. ఇల్లు కూడా అదే, హాలు మధ్యలోంచి మెట్లు. ఒకే బృందం ఏడాది పొడుగునా అలా సినిమాలు తీసి పారేస్తుంటే, ఏ సగం దేనిదో గోపాలపట్నంలో మేమెలా కనిపెట్టాలి?

అప్పుడు వచ్చింది ఆ సీను. ఉత్తరం చింపిన తండ్రే, కళ్ళజోడు పెట్టుకుని, రేకు పెట్టె నెత్తికెత్తుకుని కూతురి ముందు నడుస్తున్నాడు. దారిలో ఎవరో ఆడపిల్లకు చదువెందుకంటే, పెట్టె దించకుండానే వాడికి బుద్ధి చెప్పాడు.

"ఏటయ్యింది ఈడికి?" అన్నాడు నాన్న.

"మారాడు" అంది అమ్మ. ఆ మాట టీవీ వైపు చూస్తూ అనలేదు.

సోమవారం పొద్దున నాన్న డ్యూటీకి వెళ్తూ, చెప్పులేసుకుంటూ, నా వైపు చూడకుండా "పెట్టె సర్దుకో" అన్నాడు. మంగళవారం రిక్షా పిలుస్తానన్నా వినకుండా నా పెట్టెను భుజాన పెట్టుకుని స్టేషన్ దాకా మోశాడు. నెత్తిన పెట్టుకోవాలనే అనుకున్నాడట, సిగ్గేసిందట.

అలా నేను చదివాను. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. నేను సరే అనకపోతే కదలని యంత్రాలు కొన్ని ఉన్నాయక్కడ. ఇంట్లో నా మాటకు పిల్లి కూడా కదలదు, అది వేరే సంగతి.

సినిమా ఇంటర్నెట్‌లో తేలిగ్గానే దొరికింది. మొదటి సీనులోని లారీ చూసి గుర్తుపట్టాను. ఆదివారం నాన్నను టీవీ ఎదురుగా కూర్చోబెట్టాం. ఉత్తరం చింపే చోట నాన్న అమ్మను మోచేత్తో పొడిచాడు. "సూడు, ఇప్పుడు డాక్టరయిపోతాడు."

హీరో డాక్టరు కాలేదు. లారీ దిగనే లేదు. చనిపోయిన తల్లి చనిపోయే ఉంది. హీరోయిన్ కిటికీలోంచి దూకి చదువు కోసం పట్నం పోతుంది, అక్కడ మోసపోతుంది, చివరికి వానలో తడుస్తూ వచ్చి తండ్రి కాళ్ళ మీద పడుతుంది. "ఆడది గడప దాటితే ఇంతే" అంటాడు తండ్రి. శుభం.

"మద్దెలో కోసీసారు" అన్నాడు నాన్న. "పెట్టె సీను తీసీసారు."

నాకప్పటికే విషయం అర్థమైంది. షాపాయన అర, హీరో పేరు, ఒకటి, రెండు. చెప్పడం మొదలుపెట్టి పూర్తి చెయ్యలేక నవ్వాను. "అయితే ఆ సెల్లెలు?" అంది అమ్మ, అని తనూ పడీ పడీ నవ్వింది. ఇన్నేళ్ళుగా మేము మెచ్చుకుంటున్న ఆ చెల్లెలు పుట్టనే లేదు.

నాన్న నవ్వలేదు. ఆ నవ్వు ఊపులోనే అడిగేశాను. "నాన్నా, ఆరోజు షాపాయన సరైన క్యాసెట్టే ఇచ్చుంటే నన్ను పంపేవాడివా?"

సరదాకే అడిగాననుకున్నాను. అడిగాక, ఆయన నోటివైపు చూస్తూ కూర్చున్నాను. పంపేవాడినే అని ఒక్క మాట అంటే చాలు. అబద్ధమైనా నమ్మడానికి సిద్ధంగా ఉన్నాను.

నాన్న నా వైపు తిరిగాడు. "పంపీవోణ్ని కాదమ్మా" అన్నాడు.

చెప్పొద్దూ, ఏడుపొచ్చింది. నాకు యాభై దాటాయి, నా పిల్లలు ఉద్యోగాలు చేస్తున్నారు, అయినా గదిలోకి పోయి తలుపేసుకోవాలనిపించింది. నా చదువు, నా ఉద్యోగం, ఈ ఇల్లు, అన్నీ ఒక మనిషి బద్ధకంతో చేసిన పొరపాటన్నమాట. "అయితే ఆ షాపాయన ఫొటో తెచ్చి దేవుడి గూట్లో పెడతాను" అన్నాను విసురుగా.

"కోపమొత్తే రానీ. అబద్ధమాడి ఏటి సేత్తాను?" అన్నాడు నాన్న. మళ్ళీ తనే, "ఆ రెండో సినిమా ఏటో వెతుకు. ఆ పెట్టె మోసినోడి మొదటి సగం మనం సూడనేదు. అలాంటోడు ఎలా మారాడో సూడాల నాను" అన్నాడు.

ఆ వారమంతా ఆ హీరో సినిమాలు వెతికాను. స్టెతస్కోపు ఉన్నదల్లా తెరిచి చూశాను. ఆ హీరో ఎన్నిసార్లు డాక్టరయ్యాడో మీకు తెలియదు. చివరికి గుడి, అన్నదానం, పళ్ళెంతో తల్లి, అన్నీ ఉన్నది దొరికింది. నాన్న మీద కోపం మాత్రం వారమంతా అలాగే ఉంది. కాఫీ ఇచ్చి వచ్చేసేదాన్ని, కూర్చునేదాన్ని కాదు.

మళ్ళీ ఆదివారం ముగ్గురం కూర్చున్నాం. మొదటి సీనులోనే ఆడపిల్ల పుట్టిందని తండ్రి ఊరంతా మిఠాయిలు పంచాడు. తర్వాత పలక మీద చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించాడు. బడి మానిపించమన్న బావమరిదిని ఇంట్లోంచి గెంటేశాడు. ఇప్పుడు చెడిపోతాడు, ఇప్పుడు చెడిపోతాడు అని మేము ఎదురుచూస్తూనే ఉన్నాం. చెడిపోలేదు. ఇంటర్వెల్ దాటింది. పెట్టె సీను వచ్చి, పోయింది. కూతుర్ని పుట్టినప్పటి నుంచీ మోస్తున్న మనిషి, పెట్టె కూడా మోశాడు. అంతకుమించి ఆ సీనులో ఏమీ లేదు.

నాన్న నన్ను సినిమా ఆపమన్నాడు.

"ఈడు మొదట్నుంచీ మంచోడే."

"అవును."

"ఆ సినిమాలోవోడు సివరిదాకా మారనేదు."

"లేదు."

"మరి మారినోడెవుడే?"

అమ్మ చిక్కుళ్ళు ఒలుస్తూ తల ఎత్తకుండానే అంది. "ఇంకెవుడు? ఆ సాయంత్రం నా పక్కన కూకున్నోడు."

"ఆడు మారాడనుకుని కదా నాను మారింది" అని గొణిగాడు నాన్న, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు.

"ఆడు మారనేదు కదా. నువ్వు మారావు" అంది అమ్మ.

నా కోపం అక్కడితో సరి. ఇంత వయసొచ్చాక తండ్రిని కావలించుకోవడం మా ఇళ్ళల్లో లేదు. లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని అమ్మ ఒళ్ళోని చిక్కుళ్ళు సగం నా ఒళ్ళోకి తీసుకున్నాను. కాసేపయ్యాక నాన్న కూడా చెయ్యి చాపి కొన్ని తీసుకున్నాడు. ఈనె తియ్యకుండానే తుంచేస్తున్నాడు, ఆయనకు ఆ పని ఎప్పుడూ రాదు. అమ్మా నేనూ చూసీ చూడనట్టే ఒలుచుకుంటూ పోయాం.