చావుకైతేనే సెలవు

కువైట్‌లో ఇంటిపని చేసే మా తెలుగువాళ్ళలో ఒక్క బంధువునైనా చంపనివాళ్ళు తక్కువ. నోటితోనే లెండి. సెలవు కావాలంటే ఊళ్ళో ఎవరో ఒకరు పోవాలి. పెళ్ళి, పురుడు, కాలు విరగడం, పైకప్పు కారడం, ఇవేవీ ఇక్కడ చెల్లవు. నేనూ ఒకసారి మా పెద్ద మేనమామను చంపి చెల్లెలి పెళ్ళికి వెళ్ళాను. ఆ పెళ్ళి బంతిలో ఆయన నా పక్కనే కూర్చుని నాకంటే ఎక్కువ ఓళిగలు తిన్నాడు. తిరిగొచ్చాక యజమానురాలు "మీ మామయ్యకు చేయవలసినవన్నీ బాగా జరిగాయా" అని అడిగితే "కడుపునిండా జరిగాయి మామా" అన్నాను.

ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం. మావైపు మామ అంటే మీసాలుండాలి. వచ్చిన కొత్తలో ఆ పిలుపు నోట్లోకి రాగానే నాకు నవ్వాగేది కాదు. ఇప్పుడు నవ్వు రావడం లేదు. ఇదంతా కోపంతో రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నవ్వు తగిలితే అది నా నోటికున్న పాత జబ్బనుకోండి.

ఆ ఇంట్లో నేను వంటమనిషిని. గదులు తుడవడం, బట్టలు ఇస్త్రీ చేయడం ఇథియోపియా నుంచి వచ్చిన ఒకామె పని. వంటింటి వెనక ఒకే గదిలో ఇద్దరం ఉండేవాళ్ళం. ఆమెకు తెలుగు రాదు, నాకు వాళ్ళ భాష రాదు. ఇద్దరికీ వచ్చింది వంటింటి అరబ్బీ. దాంట్లో వ్యాకరణం ఒక్కటే ఉండదు, తక్కినవన్నీ ఉంటాయి. ఒకరినొకరు 'ఉఖ్తీ' అని పిలుచుకునేవాళ్ళం. నా తోబుట్టువా అని అర్థం. వయసులో ఆమె నాకు చెల్లెలు, ఓర్పులో అక్క.

ఉఖ్తీ ఊరు ఒక నిప్పుకొండకు దగ్గర. దాన్ని చూపించమంటే ఫోనులో ఒక మామూలు కొండ చూపించింది. మా రాయచోటి పక్క కొండల్లాగే బోడిగా, ఎవరి జోలికీ పోనట్టు ఉంది. ఆ చలికాలం దాని చుట్టూ నేల వణకడం మొదలైంది. భూకంపమంటే ఒక్కసారి వచ్చి, కూల్చేది కూల్చి, వెళ్ళిపోయేదనుకునేదాన్ని నేను. ఇది అట్లా కాదు. పొద్దున ఒకటి, అన్నాల వేళకు ఇంకోటి, అది ఆగిందనుకునేలోపు వరసగా నాలుగు. దీన్ని భూకంపం అనకూడదు, భూకంప అనాలి. మా సీమలో కంప అంటే ముళ్ళపొద. ఒక ముల్లు పీకేలోపు ఇంకోటి గుచ్చుకుంటుంది.

కూరలు ఉడికే సందులో ఫోనులో దాని గురించి చదివేదాన్ని. అడుగున కరిగిన రాయి దారి వెతుక్కుంటూ కదులుతుంటే పైన నేల ఇట్లా గుంపులు గుంపులుగా వణుకుతుందట. ఆ రాయి కొండను చీల్చుకుని పైకి రావచ్చు, రాకుండా లోపలే చల్లారిపోనూవచ్చు. ఎప్పుడాగుతుందో దాని మీదే చదువుకున్నవాళ్ళు కూడా చెప్పలేరట. ఎసరు మీద మూత టకటకలాడితే నేను మంట తగ్గిస్తాను. ఆ పొయ్యి దగ్గర ఎవరున్నారు తగ్గించడానికి?

ఉఖ్తీకి ఎనిమిదేళ్ళ కూతురుంది. అక్కడ తన చెల్లెలి ఇంట్లో పెరుగుతోంది. బడి గోడ పగిలి బడి మూసేశారు. రోడ్డు నిలువునా బీటలిచ్చింది. ఒకచోట నేలలోంచి బురద, ఆవిరి ఎగజిమ్ముతున్నాయి. ఊళ్ళవాళ్ళను డేరాలకు చేర్చడానికి ప్రభుత్వం బస్సులు పంపింది. ఆ చెల్లెలి మొగుడు "మేకలు బస్సెక్కవు, నేనూ ఎక్కను" అని కూర్చున్నాడు. ఇంటిల్లిపాదీ గోడలకు దూరంగా టార్పాలిన్ కింద పడుకుంటున్నారు. ఉఖ్తీ అడిగింది ఒక్కటే. తను వెళ్ళి బిడ్డను అక్కణ్ణుంచి తీసుకుపోయి, రాజధానిలో ఉన్న పెద్దమ్మ కూతురింట్లో దింపి రావాలి.

ఆమె మామాను అడిగినప్పుడు నేను టీ కప్పులు తీస్తూ పక్కనే ఉన్నాను.

"ఎవరైనా చనిపోయారా?" అంది మామా.

"లేదు మామా."

"ఇల్లు కూలిందా?"

"గోడ పగిలింది. ఇల్లు ఉంది."

"అల్హమ్దులిల్లా, అంతా దేవుడి దయ! మరి ఈ ఏడుపు ముఖం దేనికి? రంజాన్ వస్తోంది. ఇంటినిండా మనుషులుంటారు. పండగయ్యాక పంపిస్తాను. అప్పటికి అదే ఆగిపోతుంది."

"ఆగకపోతే మామా? కొండ పగిలితే?"

"పగిలితే అప్పుడు చూద్దాం."

మామా దుర్మార్గురాలేమీ కాదు. నాకు జ్వరమొస్తే తన చేత్తో మందు తెచ్చి ఇచ్చింది. అందుకే ఆ 'అప్పుడు చూద్దాం' నాకు ఇంకా మండింది. అప్పుడు చూడ్డానికి ఏం మిగులుతుందని? కప్పులు తీసుకుని వంటింట్లోకొచ్చి, గిన్నెలను అవసరమైనదానికంటే గట్టిగా తోమాను. నా తిరుగుబాటు ఎప్పుడూ సింకు దాటదు.

ఆ ఇంటి డ్రైవరు మా రాయచోటి మనిషే. అన్నా అని పిలుస్తాను. వయసులో నేను చిన్న అయినా నన్ను అక్కా అంటాడు, అన్నం పెట్టే చెయ్యి కదా. సంగతంతా విని, కారు తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకున్నాడు.

"ఏందక్కా, ఇంతదానికి ఇంత రాద్ధాంతమా! ఎవురో ఒగరు సచ్చిపోయినారని సెప్పమను. ఖలాస్. టికెట్టు చేతికొస్తాది."

"ఎవర్ని చంపమంటావన్నా?"

"అది సూసుకోవాల. రంజాన్ ముందర మామలు, పిన్నమ్మలు పనికిరారు. దెగ్గిరోళ్ళు కావాల."

నేను నవ్వి, ఆ సలహాను అరబ్బీలో పెట్టి ఉఖ్తీకి చెప్పాను. ఆమె నవ్వలేదు. ఇస్త్రీపెట్టె నిలబెట్టి నావైపు చూసింది.

"నేల కదులుతోంది ఉఖ్తీ. ఇప్పుడు చావు అనే మాట నా నోట్లోంచి బయటికి రానివ్వను. దానికి మా ఇంటి దారి తెలిసిపోతుంది."

ఆ మాట డ్రైవరుకు చెప్పాను. "అయితే ఈమె ఈడ ఇస్త్రీ సేస్తా ఉంటాది, బిడ్డ ఆడ ఊగతా ఉంటాది" అన్నాడు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

తర్వాత నాలుగైదు రోజులు మా గది ఉఖ్తీ ఫోను చుట్టూ తిరిగింది. చెల్లెలు మాటలు రికార్డు చేసి పంపేది. మళ్ళీ వచ్చింది, బాగున్నాం. మళ్ళీ వచ్చింది, మేకలు తాడు తెంపుకున్నాయి, బాగున్నాం. ఆ 'బాగున్నాం' వాళ్ళ భాషలో ఎట్లా ఉంటుందో నాకూ పట్టుబడింది. ఉఖ్తీ చేతులు ఇస్త్రీ మీద, చెవులు ఫోను మీద. మామా పట్టు గౌను ఒకటి కాలింది.

ఆ గౌనే కొంప ముంచింది. మరునాడు షువైఖ్ గ్యారేజీల దగ్గర కారు టైర్లు మార్పించి వస్తూ డ్రైవరు దారిలో మామాను ఆమె అక్కగారింటి దగ్గర ఎక్కించుకున్నాడు. కారులో ఆమె గౌను సంగతి ఎత్తి, ఆ పిల్లకు మతి ఎక్కడుంది, పనివాళ్ళను పంపే ఏజెన్సీకి తిప్పి పంపేస్తానంది. మా అన్న గుండె కరిగింది. కరిగింది దారి వెతుక్కుని నోట్లోంచి బయటపడింది. "మామా, ఆమె కూతురు భూకంపంలో చనిపోయింది. మీకు చెప్పలేక కుమిలిపోతోంది" అన్నాడు. ఇంటికి రాగానే ముందు నాకు చెప్పి, నాచేత ఉఖ్తీకి చెప్పించాలని అనుకున్నాడట. డిక్కీలోంచి సంచులు దించడానికి ఆగాడు. మామా ఆగలేదు.

ఉఖ్తీ నాకు సాయంగా బియ్యం కడుగుతోంది. మామా చెప్పులతోనే వంటింట్లోకి పరుగున వచ్చి ఆమెను గట్టిగా కావలించుకుంది. "అల్లా యర్హమ్హా" అని ఏడ్చింది. పోయిన ఆడమనిషిని దేవుడు కరుణించాలని అనే మాట అది. చనిపోయినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ అనరు. "నీ బిడ్డ స్వర్గంలో పక్షయింది, నీకు చెప్పుకోవడానికి నేను లేనా?" అంది.

ఉఖ్తీ చేతుల్లోంచి బియ్యం గిన్నె జారింది. ఆమె అరవలేదు. నావైపు తిరిగి, "ఎవరు ఫోను చేశారు? నాకు చేయకుండా మామాకు ఎవరు చేశారు?" అని అడిగింది. అంతలోనే ఆ బియ్యంలో కూలబడింది.

నాకు అర్థమైంది. అబద్ధమని ఆమె చెవిలో చెప్పాను. డ్రైవరు పని, బిడ్డకేమీ కాలేదు, ఉఖ్తీ, అబద్ధం అని. ఆమె నమ్మలేదు. ఏడుస్తున్న మామాను నమ్మింది. నేనైనా ఆ కన్నీళ్ళనే నమ్మేదాన్ని. ఊరికి ఫోను చేస్తే కలవలేదు. మళ్ళీ చేసినా కలవలేదు. అక్కడ భూమి కదిలినప్పుడల్లా సిగ్నలు పోతుంది. మాకు తెలుసు. తెలిసినది ఆ పూట దేనికీ పనికిరాలేదు.

నేను పెరట్లోకి వెళ్ళాను. డ్రైవరు సంచులు పట్టుకుని అక్కడే నిలబడున్నాడు.

"మంచికే గదక్కా సెప్పినా! మనోళ్ళు ఎంతమంది ఇట్ల పోలేదు?"

"నీకూ ఇద్దరు ఆడబిడ్డలుండారు గదన్నా. వాళ్ళల్లో ఒగదాన్ని సంపి సెప్పలేకపోతివా?"

"అక్కా..."

"సెప్పు. పెద్దదా, సిన్నదా?"

అతను సంచులు కింద పెట్టి, టమోటాలు దొర్లిపోతుంటే ఏరుకుంటూ కూర్చున్నాడు. నేను సాయం చేయలేదు.

సాయంత్రం నమాజు పిలుపు అయ్యాక ఫోను కలిసింది. ఎత్తింది ఆ పిల్లే. ఉఖ్తీ గట్టిగా తిట్టడం మొదలుపెట్టింది. ఏమని తిట్టావని తర్వాత అడిగాను. చలిలో చెప్పులేసుకోకుండా తిరుగుతున్నావా అని తిట్టిందట. ఊపిరి ఉందని తెలిశాక తల్లికి మొదట చెప్పులు గుర్తొచ్చాయి.

ఈలోపల మేడమీద మామా దయ పనిచేయడం మొదలుపెట్టింది. కొడుకుచేత మరునాటికి విమానం టికెట్టు తీయించింది. బీరువాలో దాచి ఉంచిన పాస్‌పోర్టు తెచ్చి ఉఖ్తీ చేతిలో పెట్టింది. ఆ పాస్‌పోర్టు అసలు బీరువాలో ఎందుకుందని అడిగే చట్టాలు ఇక్కడా ఉన్నాయి. అవీ ఏదో ఒక బీరువాలోనే ఉండి ఉంటాయి. బిడ్డ బతికున్నన్నాళ్ళూ తెరుచుకోని తలుపులన్నీ, చనిపోయిందనగానే వాటంతటవే తెరుచుకున్నాయి. ఆ రాత్రి నా పళ్ళు నేనే కొరుక్కున్నాను.

"నోరు మూసుకుని విమానమెక్కు ఉఖ్తీ, నిజం తర్వాత చూసుకుందాం" అన్నాను. ఆమె సరే అన్నట్టు తలూపింది.

పొద్దున మామా ఫోనులో అక్కలకు, వదినలకు చెబుతోంది. మా పనిపిల్ల కూతురు పోయింది, దాని ఆత్మ కోసం ప్రార్థించండి, నేను దాని పేరున దానం చేయిస్తున్నాను అని. ఆ మాటలు మెట్లమీదుగా కిందికి వచ్చాయి. ఉఖ్తీ సర్దుతున్న సంచి వదిలేసి పైకి వెళ్ళింది. కొంగు పట్టుకుని ఆపుదామంటే ఆమెకు కొంగు లేదు. వెనకే వెళ్ళాను.

"మామా, ప్రార్థన వద్దు. నా బిడ్డ బతికుంది. నిన్న మాట్లాడాను."

మామా ఫోను దించింది. ముఖంలో ఒక్క క్షణం సంతోషం కనిపించింది. అది నేను కళ్ళారా చూశాను, కాదనను. తర్వాత రక్తం పొంగింది.

"అయితే నాతో అబద్ధమాడావా?"

"నేను ఏమీ చెప్పలేదు మామా. నేను చెప్పింది నేల కదులుతోందని. ఇప్పుడూ కదులుతోంది. ఈరోజు వెళ్తాను."

"పాస్‌పోర్టు ఇటివ్వు."

ఉఖ్తీ ఇవ్వలేదు. కోపం నాకు ఆమెమీద కూడా వచ్చింది. ఒక్క పూట ఊరుకుంటే ఏం పోయేది? కానీ ఆమె గొంతు పెంచకుండా, మా వంటింటి అరబ్బీలోనే, ముక్కలు ముక్కలుగా అన్నది విన్నాక ఆ కోపం నిలవలేదు.

"పోయిందంటే ఏడ్చావు మామా. నన్ను పట్టుకుని ఏడ్చావు. ఉందంటే కోపం ఎందుకు?"

మామా తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. వెళ్ళమనలేదు, వద్దనీ అనలేదు. టికెట్టు రద్దు చేయమని కొడుక్కి చెప్పినట్టూ లేదు. మధ్యాహ్నం డ్రైవరు ఎవరినీ అడగకుండా కారు తీశాడు. ఉఖ్తీ వెనక సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడవునా అతను క్షమించమంటూనే ఉన్నాడట. ఆమె ఒక్కసారీ బదులివ్వలేదట. "కసిరినా బాగుండు అక్కా" అన్నాడు వచ్చాక. నేనూ కసరలేదు.

ఉఖ్తీ బిడ్డను రాజధానికి తెచ్చుకుంది. అక్కడా అప్పుడప్పుడు నేల ఊగుతూనే ఉందట, కాని కొండకు దూరం. ఇక్కడ మామా ఆమె ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండే అనుమతి, రద్దు చేయించింది. ఉఖ్తీ ఇక ఈ ఇంటికి తిరిగి రాలేదు. నా పక్క మంచం మీదికి ఏజెన్సీ నుంచి ఇంకొకామె వచ్చింది.

రంజాన్ మధ్యలో ఒకరోజు ఉపవాసం విడిచే వేళకు నేను సమోసాలు వేయిస్తుంటే మామా వచ్చి నిలబడింది.

"ఆ కొండ పేలిందా?"

"లేదు మామా."

"చూశావా? ఏమీ కాలేదు. పండగయ్యాక వెళ్ళి ఉంటే ఉద్యోగమూ ఉండేది. అనవసరంగా గోల చేసింది."

నూనె కాగుతోంది. ఎన్నేళ్ళుగానో గిన్నెల మీద తీర్చుకుంటున్నదాన్ని, ఆరోజు మంట ఆర్పి ఆమెవైపు తిరిగాను. నాకొచ్చిన అరబ్బీ అంతా కూడగట్టుకున్నాను. "ఏమైనా అవుతుందని తెలిస్తే ఎవరైనా వెళ్తారు మామా. ఆమెకు తెలియదు. మీకూ తెలియదు. తెలియనప్పుడే కదా బిడ్డ తల్లి దగ్గరుండాలి?" అన్నాను.

మామా నావైపు, ఇంతకాలం కూర వండిన మనిషికి నోరు కూడా ఉందని అప్పుడే కనుక్కున్నట్టు చూసింది. తర్వాత, "సమోసాలు చల్లారిపోతాయి" అంది.

చల్లారనీ అనుకున్నాను. పొయ్యి వెంటనే వెలిగించలేదు.