కప్పగారి ఎర్ర దుప్పటి

కళ్లజోళ్ల షాపాయన్ని ఊళ్లో అందరూ కప్పగారు అంటారు. మొహం మీదే అంటారు, ఆయనా పలుకుతాడు. పొద్దున్నే ఆరింటికి సరస్సులో మునుగుతాడు, ఎనిమిదింటికి తేలతాడు, తొమ్మిదింటికి షాపు తెరుస్తాడు. కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లకి ఆయన వంగి అద్దాలు మారుస్తుంటే, చెవిలోంచి సరస్సు నీళ్లు వాళ్ల ఒళ్లో పడుతుంటాయి. జ్వరమొచ్చినా ఈతే, ముసురు పట్టినా ఈతే. ఆఖరికి పెళ్లి ఫొటోలో కూడా ఆయన జుట్టు తడిగానే ఉంది. ఆ ఫొటో చూసినప్పుడల్లా భార్యకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే తన భుజం మీద తడి మరక కూడా అందులో పడింది.

అంతటి ఈతగాడికీ ఒకటే లోపం, కళ్లు కనపడవు. ఊరందరికీ చూపు సరిచేసే మనిషికి జోడు తీస్తే ఎదురుగా ఉన్నది పెళ్లామో బీరువానో తెలీదు. పవరున్న ఈత గాగుల్స్ ఆయన షాపులోనే, రెండో అరలో, మూడు జతలున్నాయి. అందరికీ అమ్ముతాడు, తను మాత్రం ముట్టుకోడు. "నీళ్లలో కళ్లజోడు పెట్టుకుంటే ఈతగాడంటారటే, పేషెంటంటారు గానీ" అంటాడు. ఆ మొండితనం చూస్తే ఎవరికైనా రెండు తగిలించాలనిపిస్తుంది.

పెళ్లైన కొత్తలో ఒకరోజు దారి తప్పి ఐసు ఫ్యాక్టరీ దగ్గర తేలాడు. అక్కణ్నించి చెడ్డీ మీదే, కూరగాయల బజారు మధ్యలోంచి, చేతులు కట్టుకుని ఇంటికి నడిచొచ్చాడు. దారిలో ఇద్దరు కస్టమర్లు ఆపి, తమ కళ్లజోళ్లు ఎప్పటికి తయారవుతాయని కూడా అడిగారట. ఆ మర్నాటి నుంచీ ఆరయ్యేసరికి ఆవిడ మేడమీద ఎర్ర దుప్పటి ఆరేయడం మొదలుపెట్టింది. ఇల్లు సరస్సు గట్టునే, మూడంతస్తులు. పది బారలకోసారి తల ఎత్తి చూసే మనిషికి అంత ఎర్రటి మచ్చ ఆనకపోదు. ఈ సంగతి ఆయనతో అనలేదు, అంటే అలుగుతాడు. "చూశావా, గీత గీసినట్టు వచ్చేశాను" అని ఆయన తల తుడుచుకుంటుంటే, "అబ్బో" అని కాఫీ చేతికిచ్చేది. ముప్ఫై ఏళ్లలో నాలుగు దుప్పట్లు వెలిసిపోయాయి.

ఏటా ఒకసారి అవతలి ఒడ్డు నుంచి ఇవతల వీళ్ల ఇంటి ముందు గట్టుకి పోటీ జరుగుతుంది. నాలుగు కిలోమీటర్లు, రెండు గంటల్లో చేరాలి. ఇరవై తొమ్మిదేళ్లు ఒక్కటీ వదలకుండా ఈదాడు కప్పగారు. ఇది ముప్ఫయ్యోది, ఆయనకి అరవై నాలుగు. పోయినేడు నాలుగు నిమిషాలు ఉందనగా చేరాడు. ఈసారి ఈత సంఘం కార్యదర్శిగా ఉన్న పళ్ల డాక్టరు కొత్త రూలు పెట్టాడు. అరవై దాటినవాళ్లు టైముకి రాలేకపోతే ఇక ఎప్పటికీ పోటీలోకి రానివ్వరు. వెంట పడవలుంటాయి గానీ, అందులోవాళ్లు దారి చెప్పకూడదు. ఆ రూలు విన్న పూట కప్పగారు భోజనం ముట్టలేదు. ఆవిడకి నిజంగా భయమేసింది. పోటీ లేని కప్పగారిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు, చూడాలనీ లేదు.

"ముప్ఫయ్యోది కదే, నువ్వు ఒడ్డున ఉండవే" అన్నాడు ఆయన. ఎన్నడూ అడగని మనిషి అడిగితే కాదంటుందా? దుప్పటి పని మూడు నెలల క్రితం ఇంటికొచ్చిన కోడలికి అప్పజెప్పింది. ఎందుకో మాత్రం చెప్పలేదు. చెబితే కోడలు మొగుడికి చెబుతుంది, వాడు తిన్నగా వెళ్లి తండ్రికి చెబుతాడు.

ఎనిమిదింటికి పోటీ మొదలైంది. తొమ్మిదింపావుకి నాలుగు చినుకులు పడ్డాయి. తొమ్మిదిన్నరకి ఆయన పసుపు టోపీ దూరంగా కనిపించింది, కానీ పోతున్నది ఐసు ఫ్యాక్టరీ వైపు. ఆవిడ వెనక్కి తిరిగి మేడ వైపు చూసింది. తీగ బోసిగా ఉంది.

"అమ్మాయ్, దుప్పటేది?" అంది ఫోన్లో.

"చినుకులు పడ్డాయని తీసేశానత్తయ్యా." మెచ్చుకుంటుందేమో అన్నట్టుంది కోడలి గొంతు.

"మళ్లీ ఆరేయి, ఇప్పుడే."

"వానలోనా అత్తయ్యా?"

"వానలోనే."

"మరకలున్నాయని మిషన్లో వేసేశాను. ఇంకో అరగంట దాకా తలుపు తెరుచుకోదు."

ఇంత బుద్ధిమంతురాలు కోడలుగా దొరికినందుకు నవ్వాలో ఏడవాలో తెలీక ఆవిడ ఫోను పెట్టేసింది. చుట్టూ చూసింది. గట్టు మీద బహుమతుల బల్ల, దానిమీద ఎర్ర గుడ్డ. ఇంకేం ఆలోచించలేదు, ఆ గుడ్డ పట్టుకుని ఒక్క లాగు లాగింది. కప్పులన్నీ దొర్లిపోయాయి. కార్యదర్శి టీ ఆయన తెల్ల ప్యాంటు మీదే ఒలికింది.

"వదినగారూ, ఏంటిది?"

"తర్వాత సర్దుకుందురు గానీ, ముందీ కొస పట్టుకోండి." ఆవిడ అప్పటికే బల్లెక్కేసింది.

"దారి చూపించకూడదని రూలు..."

"అది పడవలోవాళ్లకి. నేను నేల మీద గుడ్డ ఆరేసుకుంటున్నాను. పైకెత్తండి, ఇంకా పైకి."

ఆవిడ కంఠానికి జడిసి పళ్ల డాక్టరు కుర్చీ ఎక్కి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. పసుపు టోపీ ఇంకాస్త దూరం అటే పోయింది. ఆగింది. తల పైకి లేచింది. తర్వాత మెల్లగా ఇటు తిరిగింది. ఆవిడ చేతులు లాగేస్తున్నా గుడ్డ దించలేదు.

ఇంకో నిమిషం ఉందనగా కప్పగారు ఒడ్డెక్కాడు. ఆవిడ దిగివచ్చి కళ్లజోడు పెట్టింది. ఆయన కుర్చీ మీది డాక్టర్ని, గుడ్డని, కింద దొర్లిన కప్పుల్ని ఒకసారి చూశాడు.

"మేడమీద ఏమైందే? ఎంతసేపు వెతికానో" అన్నాడు.

ఆవిడ తువ్వాలు అందుకోబోతూ ఆగింది. "మీకు తెలుసా?"

"కుండపోతలో కూడా దుప్పటి ఆరేసే మనిషి ఊరు మొత్తం మీద నువ్వొక్కదానివే. ఆమాత్రం తెలీదా?"

"మరి ఆ గాగుల్స్ పెట్టుకుని చావొచ్చు కదండీ, ఇన్నేళ్లూ నా మోకాళ్లు అరగదీసే బదులు."

"పెట్టుకుంటే నువ్వు ఆరేయడం మానేస్తావు కదే" అన్నాడు ఆయన, చెవిలో నీళ్లు దులుపుకుంటూ.

ఆవిడకి పట్టరానంత కోపమొచ్చింది, అంతకంటే సంతోషమేసింది. ఏదీ బయటపడకుండా తువ్వాలు ఆయన మొహం మీద కప్పి గట్టిగా తుడిచింది. అంతలో ఫోను మోగింది.

"అత్తయ్యా, మిషన్ ఆగింది. వాన కూడా తగ్గింది. ఆరేయమంటారా?"

"వద్దమ్మాయ్, బకెట్లోకి తీసి ఉంచు" అంది ఆవిడ. "రేపు ఆరింటికి నేనే ఆరేస్తాను."