గోడ మీది బొట్టుబిళ్ళలు

మార్కాపురంలో అంగన్‌వాడీ ఆయాగా ఇరవై ఆరేళ్ళు పనిచేశాను. ఇది నేను రిటైరు కావడానికి రెండేళ్ళ ముందు, వానాకాలం నాటి సంగతి. మా సెంటరు పైకప్పు పెచ్చులూడుతోందని మరమ్మతు అయ్యేదాకా మూసేశారు. మాలో పైన సూపర్‌వైజరు, ఆమె కింద టీచరు, అందరికంటే కింద ఆయా. పిల్లల తూకాలు చూసి పుస్తకంలో ఎక్కించడం టీచరు పని. వండటం, కడగటం, పిల్లలను తీసుకొచ్చి ఆడించడం నా పని. నాకు సంతకం వరకే వచ్చు. ఇదంతా నేను చెబుతుంటే పక్కింటి అమ్మాయి రాస్తోంది.

సెంటరు లేదు కాబట్టి ఇళ్ళకే పోయి, పిల్లలు ఇంట్లోనే ఒళ్ళు కదిపే ఆటలు పెద్దవాళ్ళకు నేర్పి రమ్మని సూపర్‌వైజరు చెప్పింది. నేర్పి రావాలి, అక్కడే ఉండిపోకూడదు. నా వంతుకు పన్నెండు ఇళ్ళు వచ్చాయి. అందులో ఒకటి రేష్మా వాళ్ళది.

రేష్మాకు నాలుగేళ్ళు. పుట్టుకతోనే కాళ్ళలో బలం తక్కువ. మూడేళ్ళు నిండాక మా సెంటర్లోనే మొదటి అడుగు వేసింది. ఇప్పుడు నడక ఆపితే కాళ్ళు బిగుసుకుని మళ్ళీ మొదటికి వస్తుందని ఆస్పత్రిలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. తల్లీ తండ్రీ పొద్దున్నే పలకల ఫ్యాక్టరీకి పోతారు. మేడ మీద ఒక్క గదిలో ఆ పిల్ల, నాయనమ్మ మస్తాన్‌బీ ఉంటారు. కింద ఇంటాయన జబ్బుతో మంచంలో ఉన్నాడు. పైన దబదబమంటే ఆయన భార్య కేకలేసేది. అందుకని చప్పుడు లేని ఆటలు వెతికాను. పాత చీరను సన్నగా మడిచి పరిచి, అంచు దాటకుండా నడవమనేదాన్ని. పిల్లిలాగా మంచం కింద దూరమనేదాన్ని. ఖాళీ ప్లాస్టిక్ బిందెను గది చుట్టూ నెట్టించేదాన్ని.

అన్నింటికంటే బాగా కుదిరింది బొట్టుబిళ్ళల ఆట. మా ఆయన పోయాక స్టిక్కర్ల అట్టలు పెట్టెలో అలాగే ఉండిపోయాయి. వాటిని తెచ్చి గోడ పొడుగునా, కొంచెం ఎత్తులో ఒకటి, ఇంకొంచెం ఎత్తులో ఒకటి అంటించాను. రేష్మా ఒక్కొక్క దాని దగ్గరికి నడిచి, మునివేళ్ళ మీద లేచి పీకాలి.

"ఏందక్కా, మా గోడకు పెండ్లి చేస్తాండావా?" అని మస్తాన్‌బీ నవ్వింది.

మిగతా ఇళ్ళలో పావుగంట ఉండేదాన్ని, రేష్మా దగ్గర రెండు గంటలు. చెయ్యి పట్టుకుని నడిపించేదాన్ని. ఆ చెయ్యి చిన్నది, వెచ్చగా ఉండేది. మా ఇంటికి పోతే పొద్దున బోర్లించిన గ్లాసు బోర్లించిన చోటే ఉండేది. మాట్లాడితే నా గొంతే నాకు కొత్తగా వినపడేది.

నెల తిరిగాక నాకు జ్వరం పట్టుకుంది. తొమ్మిదో రోజు చూడటానికి టీచరు వచ్చింది.

"రేష్మా మంచం దిగడం ల్యా పెద్దమ్మా. వాళ్ళవ్వ ఎంత పిలిచినా లేయదంట. ఆయా వస్తేనే నడుస్తా అంటాదంట."

ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను, ఆ మాటకు నాకు సంతోషమైంది. నా కోసం ఒకరు ఎదురుచూస్తున్నారని విని చాలా ఏళ్ళయింది.

"నవ్వుతావేంది? ఆ కాళ్ళు ఏం గావాల?" అంది టీచరు.

ఆమె పోయాక పడుకుని లెక్క చూసుకున్నాను. నెల రోజుల్లో నడిపించేటప్పుడు ఆ పిల్ల చెయ్యి ఒక్కసారీ వదల్లేదు. మస్తాన్‌బీకి ఒక్క ఆటా అప్పజెప్పలేదు. నేర్పి రమ్మన్న పని నేను చెయ్యలేదు.

జ్వరం తగ్గగానే పోయాను. స్టిక్కర్లు మస్తాన్‌బీ చేతికిచ్చి, నేను వాకిలి దగ్గర చేతులు కొంగులో చుట్టుకుని కూర్చున్నాను.

"చెయ్యి ఇయ్యి" అంది రేష్మా మంచం మీద నుంచి.

"చేతికి ఇంకా జరం పోలేదమ్మా."

"అట్లయితే కొంగు ఇయ్యి."

ఇవ్వలేదు. ఏడ్చింది. మస్తాన్‌బీకి కోపమొచ్చింది. "బిడ్డ అట్ల ఏడుస్తాంటే రాయి మాదిరి కూచున్నావు. ఇంతోటి దానికి మేడెక్కి రావాల్నా?" అంది. మూడు రోజులు ఇదే వరస. నాలుగో రోజు మస్తాన్‌బీ ఎర్ర బిళ్ళ ఒకటి అంటించి వెనక్కి తిరిగేసరికి, రేష్మా మంచం దిగి గోడ పట్టుకుంది. దాన్ని పీకి తన మోకాలికి అంటించుకుంది. రెండో బిళ్ళ బీరువాకు ఉంది. గోడకూ బీరువాకూ మధ్య పట్టుకోవడానికేమీ లేదు. నేను సగం లేచాను.

"కూచో. పడితే నేన్ల్యానా?" అంది మస్తాన్‌బీ.

రేష్మా రెండడుగులు వేసి బీరువా పట్టుకుంది. నా వైపు చూడలేదు.

పది రోజులకు గది ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగింది. "ఇంక రోజూ రావద్దులే అక్కా, నేనాడిస్తాలే. ఈ మెట్లన్నీ ఎందుకెక్కుతావు?" అంది మస్తాన్‌బీ. ఆ తర్వాత అన్ని ఇళ్ళలాగే ఆ ఇంటికీ వారానికొకసారి పోయి, పావుగంట చూసి దిగివచ్చేదాన్ని. మిగిలిన పొద్దు మా ఇంట్లోనే గడిచేది.

కొత్తగా చేరిన ఆయాలు అడిగితే ఇదే చెబుతాను. పిల్లను ఆడించేటప్పుడు చెయ్యి కావలసింది పిల్లకా, మనకా అని చూసుకోవాలి. మనకే అయితే వదిలేయాలి. నాకది తెలియడానికి ఇరవై నాలుగేళ్ళ సర్వీసు, పన్నెండు రోజుల జ్వరం పట్టాయి.